బాబ్‌క్యాట్ అరుస్తుంటే

పటాన్‌చెరు, పాశమైలారం షెడ్లలో బాబ్‌క్యాట్ లోడర్ నడిపే తమ్ముళ్లకు ఒక మాట. బండి కుయ్యిమని అరవగానే పంపు పోయిందని విప్పించకండి. ముందు హైడ్రాలిక్ ఆయిల్ లెవెల్ చూడండి. ఆయిల్‌లో తెల్లటి నురగ ఉంటే సక్షన్ హోస్ దగ్గర గాలి లాగుతుండొచ్చు, క్లాంపులు చూడండి. నురగ లేకపోతే ఫిల్టర్ చూడాలి. బండి తిప్పేటప్పుడు ఒక పక్కనుంచే టక్ టక్ వస్తోందా? ఆ పక్క చక్రాలు తిప్పే చైన్ వదులై ఉండొచ్చు. ఈ బండికి ముందు చక్రాలు పక్కకు తిరగవు కదా, ఒక పక్క చక్రాలు ఈడ్చుకుంటూనే మలుపు తీసుకుంటుంది, ఆ భారం చైన్ల మీద పడుతుంది.

సూపర్‌వైజర్లూ, "ఈ లోడు అయ్యాక చూద్దాంలే" అనకండి. గాలి మింగుతూ నడిస్తే బాగున్న పంపు కూడా పాడవుతుంది.

ఎత్తిన ఆర్మ్‌కు లాక్ పెట్టకుండా, చప్పుడు ఎక్కడిదో విందామని దాని కింద మాత్రం తల పెట్టకండి.