ఒకే ఒక్క ఆల్బం, రెండు నిశ్శబ్దాలు

ఒక దేశంలో స్వేచ్ఛ ఎంత లోతుగా వేళ్లూనిందో చెప్పడానికి ఎన్నికల ఫలితాలు చాలవు. అక్కడి యువకులు ముఖం దాచుకోకుండా పాడగలుగుతున్నారా అన్నదీ చూడాలి. 2008లో కాబూల్‌లో పుట్టిన 'డిస్ట్రిక్ట్ అన్‌నోన్' అఫ్గానిస్థాన్ తొలి మెటల్ బృందంగా పేరు పొందింది. తొలినాళ్లలో ఆ కుర్రాళ్లు ముసుగులతోనే వేదిక ఎక్కారు. పాశ్చాత్య మెటల్ బృందాలకు ముసుగు అలంకారం. కాబూల్‌లో అది ప్రాణరక్షణ.

2001లో తాలిబన్ల తొలి పాలన కూలడంతో సంగీతంపై నిషేధం తొలగింది, కానీ భయం తొలగలేదు. 2011లో 'సౌండ్ సెంట్రల్' రాక్ ఉత్సవం జరిగినప్పుడు కాబూల్ యువత కొన్ని గంటలపాటు యుద్ధాన్ని మరచింది. 2014లో ఈ బృందం 'అనాటమీ ఆఫ్ ఎ 24 అవర్ లైఫ్‌టైమ్' అనే ఆల్బం విడుదల చేసింది. వారి నుంచి వచ్చిన ఆల్బం అదొక్కటే. రేపు ఉంటుందో లేదో తెలియని నగరంలో జీవితకాలాన్ని ఇరవై నాలుగు గంటలుగా లెక్కించడం కవితాత్మక అతిశయోక్తి కాదు.

ఆ ఏడాది డిసెంబరు 11న కాబూల్‌లోని ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రంలో ఆత్మాహుతి దాడి జరిగింది. ఆ సమయంలో వేదికపై ప్రదర్శిస్తున్న నాటకం ఆత్మాహుతి దాడుల గురించినదే. అఫ్గాన్ జాతీయ సంగీత సంస్థ వ్యవస్థాపకుడు అహ్మద్ సర్మస్త్ అందులో తీవ్రంగా గాయపడ్డారు. కాలక్రమంలో బృంద సభ్యులు విదేశాలకు చెదిరిపోయారు.

ఇదంతా విదేశీ సేనల నీడలో పెరిగిన అరువు సంస్కృతి అనేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఉత్సవాలకు దౌత్య కార్యాలయాల అండ ఉండేది. ఆ గిటార్ల హోరు పల్లెలకు చేరలేదు. అయితే 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగివచ్చిన కొద్ది రోజులకే బాగ్లాన్ ప్రాంతంలో హతుడైనవాడు మెటల్ గాయకుడు కాదు. తన లోయ అందాలను పాడుకున్న జానపద గాయకుడు ఫవాద్ అందరాబీ. 2023లో హెరాత్‌లో తగలబెట్టిన వాద్యాల్లో గిటారుతో పాటు హార్మోనియం, తబలా కూడా ఉన్నాయి. పరాయి సంగీతం, సొంత సంగీతం అన్న తేడా నిషేధించేవాడికి లేదు.

తబలా కాలిన చోట భారతదేశానికి సంబంధం లేదనగలమా? 19వ శతాబ్దంలో అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్థాన్ నుంచి రప్పించిన విద్వాంసుల వారసులే కాబూల్‌లోని ఖరాబాత్ వీధిని సంగీతానికి నెలవుగా మార్చారు. అఫ్గాన్లు ఆరాధించే ఉస్తాద్ సరాహంగ్ శిక్షణ పొందింది పాటియాలా ఘరానాలో. అయినా 2021 ఆగస్టులో అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలను న్యూఢిల్లీ ఒక్క ప్రకటనతో రద్దు చేసింది. సర్మస్త్ సంస్థలోని విద్యార్థులకు, అధ్యాపకులకు ఆశ్రయమిచ్చింది ఎక్కడో ఉన్న పోర్చుగల్.

2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీకి వచ్చారు. కాబూల్‌లోని సాంకేతిక బృంద కార్యాలయాన్ని భారత్ రాయబార కార్యాలయ స్థాయికి పెంచింది. ఆయన తొలి విలేకరుల సమావేశంలో మహిళా పాత్రికేయులకు చోటు దక్కలేదు. పొరుగుదేశంతో మాట్లాడక తప్పదన్న వాదన కొట్టివేయదగినది కాదు. పాకిస్థాన్, చైనా లెక్కలు దౌత్యానికి అవసరమే. కానీ ఆ లెక్కల పుస్తకంలో పాడేవారికి, చదువుకునే ఆడపిల్లలకు ఒక్క పంక్తి అయినా ఉందా?

ప్రభుత్వాలు మారినప్పుడు ఒప్పందాలను తిరగరాయవచ్చు. ముసుగు తీసి పాడిన ఒక తరాన్ని తిరిగి సృష్టించడం అంత తేలిక కాదు. ఆ ఆల్బంకు రెండోది తోడు కాలేదంటే లోపం ప్రతిభలో లేదు.