బుట్టలు పెట్టుకోమంటారాండి?

డిగ్రీలో మనుచరిత్ర చెప్పేటప్పుడు స్వరోచి వేటకి వెళ్ళే ఘట్టం మా మేడమ్ భలే చెప్పేవారు. కుక్కలు, వలలు, కేకలు, ఒకటే హడావుడి. కానీ ఆ రాజులెవరూ "మీ చోట వేటాడుకోవచ్చా" అని ఎవర్నీ అడగరు చూడండి. ఒక్క శాకుంతలంలోనే దుష్యంతుణ్ణి మునులు ఆపి, ఇది ఆశ్రమం లేడి, కొట్టకూడదు అంటారు. అడిగి వేటాడే మనుషుల్ని నేను చూసింది పెళ్ళయి ముక్తేశ్వరం వచ్చాకే.

ఎలకలు పట్టే యానాదులండీ వాళ్ళు. సార్వా చేలు పొట్ట మీదకొచ్చే రోజుల్లో కోటిపల్లి వైపు నుంచి పంటు దిగి, సైకిలు వెనకాల బుట్టలు కట్టుకుని ఒకాయన వస్తాడు. అరుగు కూడా ఎక్కడు. వీధిలోనే నిలబడి "బుట్టలు పెట్టుకోమంటారాండి?" అని అడుగుతాడు. మనం ఊఁ అంటే, పొద్దు వాలాక గట్ల వెంట ఎలక నడిచే దారి చూసి, ఎర వేసి పెడతాడు. ఎలక తల దూర్చగానే వంచి కట్టిన వెదురుబద్ద తన్నుతుంది. తెల్లవారకముందే వచ్చి తీసుకుంటాడు. ఎలక్కి ఇంత అని కూలి. పట్టినవాటిలో కొన్ని వాళ్ళింట్లో కూరవుతాయి. దానికి మొహం చిట్లించేవాళ్ళు మా వీధిలో చాలామందే ఉన్నారు. పులసకి వేలు పోసేది కూడా వాళ్ళే!

కోతలయ్యాక అడిగేది ఇంకోటి ఉంది. అది పెద్ద అడగడం. కన్నం దగ్గర కుండలో గడ్డి రాజేసి లోపలికి పొగ ఊదుతారు, తర్వాత తవ్వుతారు. గట్టు తవ్వాలంటే చేను గలవాళ్ళ మాట ఉండాలి కదా. గట్టేమో సగం మనది, సగం పక్కవాళ్ళది. ఎలక సర్వే నంబరు చూసుకుని కన్నం పెట్టదు, అందుకని ఇద్దర్నీ అడగాలి. మళ్ళీ పూడ్చి, మట్టి తొక్కి మరీ వెళ్ళాలి. ఇక ఆ కన్నంలో ఎలక దాచుకున్న వడ్ల కంకులు ఎవరివి? మా మామయ్యగారిని ఈ సంగతి ఎవరో అడిగితే, "నేను దాచానా ఏంటి? తవ్వినోడివే" అన్నారట. ఆయన ఉన్నన్నాళ్ళూ అదే చెల్లింది.

మామయ్యగారు పోయాక ఆ అడగడం నా దగ్గరకొచ్చింది. మా వారు పొద్దున్నే అమలాపురం ఆఫీసుకి పోతారు, గుమ్మంలో ఉండేది నేనే. పొలం సగం మాది, సగం హైదరాబాదులో ఉండే మా మరిదిది. రెండూ ఒకే కౌలు రైతు చేస్తున్నాడు. ఈసారి బుట్టలాయన రాగానే, మాటవరసకి మరిదికి ఫోన్ చేసి చెప్పాను.

"వద్దొదినా. ఎవరెవరో రాత్రిపూట చేలో తిరగడం ఏంటి? అసలే కొబ్బరికాయలు పోతున్నాయి. మందు పెట్టించెయ్యండి."

కొబ్బరికాయలు పోతున్నది నిజమే. కానీ ఆ మాట వినగానే ఈయన మీదకి ఎందుకు పోవాలి? 1871లో తెల్లవాళ్ళు కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తుల కింద రాసేశారు. తర్వాత నెల్లూరు వైపు యానాదుల్ని కూడా ఆ లెక్కలో కలిపారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మన నోట్లోంచి మాత్రం ఇంకా పోలేదు. దొంగతనానికి వచ్చేవాడు ముందు రోజు వచ్చి అడిగి వెళ్తాడా అన్నాను. మరిది నవ్వేసి ఊరుకున్నాడు.

మందు సంగతి నాకు తెలియనిది కాదు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలిన్ పొడి కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తారు. ఊరంతా ఒకేసారి పెడితే పనిచేస్తుంది. మనం ఒక్కళ్ళం పెడితే పక్క చేలోంచి మళ్ళీ వచ్చేస్తాయి. తిన్న ఎలక అప్పుడే చావదు, రోజుల మీద ఎక్కడో చస్తుంది. దాన్ని గుడ్లగూబో పిల్లో తింటే దానికీ ప్రమాదమే. బుట్టలో పడ్డది లెక్కకి వస్తుంది, ఇంటికి పోతుంది.

అలాగని అడిగినవాళ్ళందరికీ ఊఁ అనను. ఒకసారి ఓ కుర్రాడు వల పట్టుకొచ్చి కొంగలు పట్టుకుంటానన్నాడు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది బాబూ, ఎలక్కి అడ్డం లేదు గానీ కొంగకీ ఉడుముకీ ఉంది, పొలం మాదే అయినా మా మాట చెల్లదు అని పంపేశాను.

మా కౌలు రైతు ఇదంతా అరుగు మీద కూర్చుని విన్నాడు. "అమ్మగారూ, పంట పోయినా మీ కౌలు బస్తాలు మీకొచ్చేత్తాయండి. ఎలక తినేది నాదండి. ఆయ్, నన్నెవరూ అడగరేంటండి?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అక్కడ నిలబడ్డ బుట్టలాయన తల దించుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాను, ఆ నిమిషానికి ఇంకేం తోచలేదు.

అతనికి ఇంకో బాధ ఉంది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతుకి 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు. బ్యాంకు అప్పుకైనా, పంట నష్టపరిహారానికైనా అదే ఆధారం. దానికి భూమి గలవాళ్ళ సంతకం కావాలి. మా సగానికి మా వారు పెట్టారు. మరిది పెట్టలేదు. రేపు భూమి వాళ్ళదంటారేమోనని భయం. చట్టంలో అలాంటిదేం లేదని రెండుసార్లు చదివి వినిపించాను.

ఆ రాత్రి మళ్ళీ ఫోన్ చేశాను. "నీ సగం, నా సగం మధ్య గట్టు ఒకటే నాన్నా. సగం గట్టు మీద బుట్టలు ఎలా పెడతారు? అయినా నష్టపోయేది నువ్వూ కాదు, నేనూ కాదు. అతన్ని అడిగి చెప్పు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కౌలు రైతు నంబరు పంపమన్నాడు.

మూడో రోజు సాయంత్రం బుట్టలు చేలోకి వెళ్ళాయి. మధ్య గట్టు మీద కూడా పెట్టారు. కార్డు కాగితం మాత్రం ఇంకా మా బీరువాలోనే ఉంది. సంక్రాంతికి మరిది వస్తాడు కదా, భోజనాలయ్యాక పెన్నుతో సహా ముందు పెడతాను.