రిపోర్టు ఒక సాక్ష్యం

స్కానింగు రిపోర్టు వైద్యుడు ఇచ్చే సాక్ష్యం. చిత్రంలో తాను చూసినదానిని, అక్కడ లేనిదానిని అతడు రాసి సంతకం చేస్తాడు. ఆ మాటను నమ్మి మరో వైద్యుడు చికిత్సను నిర్ణయిస్తాడు. కనుక ఆ కాగితం ఎలా తయారవుతున్నదో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్న తర్వాత చాలాకాలం వైద్యులు తమ పరిశీలనను చేత్తో రాసేవారు, లేదా చెప్పి టైపు చేయించేవారు. 1990ల చివర హైదరాబాదులో ఎందరో యువతీయువకులకు, అమెరికా వైద్యులు రికార్డు చేసి పంపిన మాటలను విని టైపు చేయడమే జీవనోపాధి అయింది. తరువాత, పలికిన మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ముందే నింపి ఉంచిన నమూనా రిపోర్టులూ వచ్చాయి. వాటిలో ప్రతి అవయవం ఎదుటా ‘నార్మల్’ అని ఉంటుంది. తేడా కనిపించిన చోట వైద్యుడు దానిని మార్చాలి. ఇప్పుడు కృత్రిమ మేధ సైతం ముసాయిదా రాస్తోంది.

ఈ వేగం వల్ల మేలు లేకపోలేదు. వడ్లమూడి నుండి అటు తెనాలికైనా, ఇటు గుంటూరుకైనా రోగిని తీసుకువెళ్లే మా వంటివారికి రిపోర్టు అదే రోజు అందడం పెద్ద ఊరట. అయితే వేగంతోపాటు ఏమి జారిపోగలదో మేము ఒకసారి చూశాము.

మా అమ్మీకి కడుపునొప్పి వస్తే ఒక స్కానింగు కేంద్రానికి తీసుకువెళ్లాము. అరగంటలో వచ్చిన రిపోర్టులో ‘గాల్‌బ్లాడర్ నార్మల్’ అని ఉంది. రాళ్ల కారణంగా ఆమె పిత్తాశయాన్ని తొలగించి అప్పటికే పదకొండేళ్లు! చదివి వినిపించగానే అమ్మీ, “లేనిదాన్ని చూశామన్నారు. ఉన్నవాటిని చూశారా బేటా?” అని అడిగింది.

ఆ ప్రశ్నతోనే మేము తిరిగి లోపలికి వెళ్లాము. వైద్యుడు మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి పిత్తనాళం ఉబ్బి ఉన్నదని, అందులో రాయి ఉన్నదని తేలింది. సకాలంలో చికిత్స జరిగింది.

నమూనాలోని పంక్తి మార్చకుండా మిగిలిపోవచ్చు. పలికిన మాటలో ‘నో’ అనే చిన్న పదం జారిపోతే, లేని జబ్బు ఉన్నట్లవుతుంది. యంత్రం రాసినా సంతకం చేసినవారిదే బాధ్యత. అది వారి చేతిలోని అమానతు.

మన వంతు కూడా కొంత ఉంది. పరీక్షకు ముందే పాత ఆపరేషన్ల గురించి చెప్పాలి, పాత రిపోర్టులు చూపాలి. కొత్తది అందగానే పేరు, వయస్సు, తేదీ, కుడి ఎడమలు సరిచూసుకోవాలి. పొంతన కుదరకపోతే, అక్కడి నుండి కదలకముందే సంతకం చేసిన వైద్యుణ్ణి మర్యాదగా అడగాలి.