ఐబు చెప్పి అమ్మిన జీపు

"భాయ్, ఒక మిలిటరీ జీపు దొరికింది. 1944 మోడలంట. ఒక్కసారి వచ్చి చూసి చెప్పండి" అని నెలకు ఇద్దరు ముగ్గురైనా నాకు ఫోన్ చేస్తారు. నేను డీలర్ని కాదు, దలాల్ని అంతకన్నా కాదు. విజయవాడ ఆటోనగర్‌లో మా అబ్బా ముప్పై ఏళ్లకు పైగా జీపుల మరమ్మత్తు చేశారు. స్కూలు సెలవుల్లో ఆయనకు పానాలు అందించిన షాగిర్దును నేను. ఆ ఇల్మ్ కొంత నా చేతికీ అంటింది. ఒక టార్చి, ఒక అయస్కాంతం, కిరసనాయిల్లో తడిపిన గుడ్డ తీసుకుని వెళ్తాను. చాలాసార్లు చూసి ఒకటే మాట చెప్తాను: "బండి మంచిదే. 1944ది మాత్రం కాదు." కొందరు షుక్రియా అంటారు. కొందరికి కోపం వస్తుంది. ఆ కోపం అమ్మేవాడి మీద కాదు, నా మీద!

ఉర్దూలో యుద్ధమూ జంగే, తుప్పూ జంగే. ఒకటి 'జీమ్' అక్షరంతో, ఇంకొకటి 'జే'తో రాస్తారు గానీ మన తెలుగు నోట్లో రెండూ కలిసిపోయాయి. "జంగ్ కోసం పుట్టిన బండి, జంగు పట్టి పోతుంది" అని అబ్బా నవ్వేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. నమూనా ఒక్కటే. విల్లీస్ చేసినదాన్ని ఎంబీ అంటారు, ఫోర్డ్ చేసినదాన్ని జీపీడబ్ల్యూ అంటారు. బర్మా సరిహద్దులో జపాన్‌తో పోరాటానికి అస్సాం వైపు చాలా జీపులు వచ్చాయి. యుద్ధం ముగిశాక వాటన్నిటినీ ఓడలెక్కించి వెనక్కి తీసుకెళ్లలేదు. ఇక్కడే మిగిలిన సామాను హర్రాజుల్లో చేతులు మారి, టీ తోటలకూ కాంట్రాక్టర్లకూ జమీందార్లకూ చేరింది.

మన ఖానదాన్లలో పిల్లలకు చెప్పుకోదగ్గ ముచ్చట ఒకటుంది. ఈ దేశంలో జీపు అంటే గుర్తొచ్చే కంపెనీ మహీంద్రా. 1945లో అది ఉక్కు వ్యాపార సంస్థగా మొదలైనప్పుడు దాని పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. ఇద్దరు మహీంద్రా సోదరులతో పాటు మలిక్ గులాం మహమ్మద్ అందులో షరీక్. 1947లో ఆయన పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. బోర్డు మీద రెండో పేరు మారింది గానీ రెండో 'ఎం' అలాగే మిగిలింది. ఆ కంపెనీయే విల్లీస్ లైసెన్సు మీద ఇక్కడ జీపులు బిగించి, తర్వాత తయారుచేసి అమ్మింది. అందుకే మన పెద్దల నోట మహీంద్రా జీపు కూడా 'విల్లీస్' అయింది. ఇప్పుడు ధోకా జరిగేది సరిగ్గా ఈ పేరు దగ్గరే.

అసలీ యుద్ధకాలపు బండిని ఎలా పోల్చాలో అడిగేవాళ్ల కోసం నాలుగు గుర్తులు చెప్తాను. మొదటిది ముందు జాలీ. యుద్ధకాలపు రేకు జాలీకి తొమ్మిది చీలికలుంటాయి. తర్వాత సివిల్ జనం కోసం వచ్చిన జీపులకు ఏడే. రెండోది పెట్రోలు ట్యాంకు. అసలు బండిలో అది డ్రైవరు సీటు కింద ఉంటుంది, పెట్రోలు పోయాలంటే సీటు ఎత్తాలి. మూడోది హెడ్‌లైట్లు. అవి చిన్నవి, జాలీకి లోపలి వైపు ఉంటాయి. వాటిని వెనక్కి తిప్పితే రాత్రిపూట ఇంజను మరమ్మత్తుకు వెలుగు పడుతుంది. నాలుగోది వెనక భాగం. యుద్ధకాలపు జీపుకు వెనక తెరుచుకునే డాలా ఉండదు. ఇక బానెట్ ఎత్తుగా కనబడితే అది సీజే3బీ. అందులో ఇంజను ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ కూడా లేపాల్సి వచ్చింది. దాన్ని 1944 మోడలంటే నవ్వి ఊరుకోండి.

విల్లీసా ఫోర్డా తేలాలంటే కిందికి దూరాలి. ఛాసిస్ ముందు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, బోర్లించిన దోనెలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు తమ పుర్జాల మీద, చివరికి బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టారు. నా కిరసనాయిలు గుడ్డ దాని కోసమే. అయస్కాంతం దేనికంటే, తుప్పు తిన్న చోట పుట్టీ పూసి రంగేస్తే అక్కడ అది అంటుకోదు.

ఈ గుర్తులన్నీ ఒకే బండిలో కుదరడం అరుదు. ఎనభై ఏళ్లు బతికిన బండి కదా! ఇంజను పోతే ఇంకో జీపుది పడింది, యాక్సిల్ విరిగితే కబాడీ నుంచి వచ్చింది, పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజను ఎక్కింది. ఇదేమీ గునాహ్ కాదు. మిస్త్రీ చేతిలో బండి బతకడం అంటే అదే. ఐబు ఉండటం తప్పు కాదు, దాచటం తప్పు.

ఈ మాట ఊరికే నీతిగా చెప్పడం లేదు. మా ఇంట్లో దీనికి లెక్క కట్టాల్సి వచ్చింది.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆయన వదిలిన తర్కాలో పాత ఇల్లు కాక చెప్పుకోదగ్గది ఒక జీపు. ముందు జాలీకి తొమ్మిది చీలికలు, రెండు యాక్సిళ్ల మీదా చక్కగా 'ఎఫ్' గుర్తులు. కానీ ఛాసిస్ మహీంద్రాది. ఇంజను మూడో బండి నుంచి వచ్చింది. అసలు 6 వోల్టుల కరెంటు తీసేసి అబ్బా 12 వోల్టులు చేశారు. ఆర్సీలో 'విల్లీస్ జీప్' అని ఉంది, మొదటి రిజిస్ట్రేషన్ 1962 అని ఉంది. ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, అబ్బా ఒక పాత లెడ్జరులో ఏ పుర్జా ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎంతకు తెచ్చారో రాసుకునేవారు. సగం తెలుగు, సగం ఉర్దూ మాటలు, అన్నీ తెలుగు అక్షరాల్లోనే.

ఒక దలాల్ వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "8 లక్షలు ఇప్పిస్తా" అన్నాడు. "యుద్ధకాలపు డేటా ప్లేటు కొత్తది అచ్చం పాతదానిలాగే దొరుకుతుంది. డ్యాష్‌బోర్డు మీద నేను బిగిస్తా. 1962 సంగతి అడిగితే అది హర్రాజులో కొన్న సంవత్సరమని నేనే చెప్పుకుంటా. భాయీజాన్, మీరు ఝూట్ చెప్పక్కర్లేదు. ఊరుకుంటే చాలు."

ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే ఎంత వస్తుందో నాకు తెలుసు. 5 లక్షలు దాటదు.

తమ్ముడు ఊరుకోమన్నాడు. వాడి బాధ వాడిది. దుకాణం అద్దె నాలుగు నెలలు బాకీ ఉంది. "కొనేవాడు షోకు కోసం కొంటున్నాడు, మనం అవసరానికి అమ్ముతున్నాం. ఆ ప్లేటు వల్ల అతని పిల్లలకు అన్నం తగ్గుతుందా భాయ్?" అన్నాడు. ఆ మాటలో బరువు లేదని నేననలేదు.

"అతను దీన్ని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకుందామని కొంటాడు" అన్నాను. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ దర్జా. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. రోజూ తిప్పుకోవడానికి కాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. మా బండికి వయసుంది గానీ అసలు రూపం లేదు. తనిఖీలో ఆ సంగతి బయటపడితే అతని డబ్బూ పోతుంది, పరువూ పోతుంది.

ఇక లెక్క. జీపు నా ఒక్కడిది కాదు, విరాసత్. అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలింది ఐదు భాగాలు చేస్తే తమ్ముడికీ నాకూ రెండేసి, చెల్లికి ఒకటి. 8 లక్షలకు అమ్మితే చెల్లి హిస్సా 1,40,000. 4,80,000కు అమ్మితే 84,000. అంటే నా నిజం ఖరీదులో 56,000 చెల్లి జేబులోంచి పోతోంది. తనకు ఇద్దరు చదువుకునే పిల్లలు. ఇంకొకరి హక్కును తగ్గించి నేను మంచివాణ్ణి అనిపించుకోవడం ఏం న్యాయం? అందుకే ముందు తననే అడిగాను. ఫోన్‌లో రెండు ధరలూ, రెండు హిస్సాలూ, దలాల్ అడిగినదీ చెప్పాను.

చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "భాయీజాన్, అబ్బా లెడ్జరు ఎక్కడుంది?"

"నా దగ్గరే ఉంది."

"ప్లేటు బిగిస్తే ఆ లెడ్జరు ఎవరికీ కనబడకూడదు కదా. కాల్చేయాలి. మీరు కాలుస్తారా, చిన్నభాయి కాలుస్తాడా?"

తమ్ముడు పక్కనే ఉన్నాడు, ఫోను స్పీకరులో ఉంది. లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. "దలాల్‌కు వద్దని చెప్పేయ్ భాయ్" అన్నాడు. అమ్మీ తన ఎనిమిదో హిస్సాలోంచి వాడి దుకాణం అద్దెకు సర్దింది.

నాలుగు నెలలు పట్టింది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు లెడ్జరు చేతికిచ్చాను. ఇద్దరు చదవకుండానే వెళ్లిపోయారు. ఒకాయన "ఇన్ని ఐబులు చెప్పి ఎవరైనా అమ్ముతారా?" అన్నాడు. చివరికి హైదరాబాద్ నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు వచ్చారు. అరగంట లెడ్జరు చదివారు, గంట బండి కింద పడుకున్నారు. 4,80,000కు సౌదా కుదిరింది. లెడ్జరు కూడా కావాలన్నారు. ఫోటోకాపీ తీయించుకుని అసలుది ఇచ్చేశాం.

కొనాలనుకునేవాళ్లకు ఇంకో మూడు మాటలు. మొదటిది కాగితాలు. సైన్యం హర్రాజు వేసిన బండి అంటే ఆ అమ్మకం కాగితం, ఆర్సీ రెండూ చూడాలి. ఛాసిస్ నంబరు కాగితంతో సరిపోవాలి. నంబరు చుట్టూ గ్రైండరు గీతలుంటే సలామ్ చెప్పి వచ్చేయండి. జోంగా కొనేవాళ్లకూ ఇదే మాట. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైన ఆ సైనిక బండ్లు మన దగ్గర బాగానే చేతులు మారుతున్నాయి.

రెండోది రంగు. మిలిటరీ జీపు అనగానే అందరికీ ఆ ముదురాకుపచ్చ ఆలివ్ రంగే కావాలి. కానీ 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప ఆ రంగు వేయకూడదు. షోకు కోసం వేసి రోడ్డెక్కితే జుర్మానా మీదే.

మూడోది జీపుతో పాటు అమ్మే సామాను. జెర్రీక్యాన్లు, గొడ్డలి, పార, టోపీలు ఏవైనా కొనుక్కోండి. పాత తూటాలు, తుపాకీ భాగాలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఆయుధాల చట్టానికి షోకు తెలియదు. ఇక మన ఇళ్లలోనే దాదాల పెట్టెల్లో బర్మా స్టార్, వార్ మెడల్ లాంటి పతకాలు పడి ఉంటాయి. కబాడీవాడికి తూకానికి వేసేముందు వాటి అంచునూ వెనక వైపునూ భూతద్దంతో చూడండి. భారతీయ సైనికులకిచ్చిన పతకాల మీద నంబరు, పేరు చెక్కి ఇచ్చేవారు. ఏ ప్లేటూ బిగించక్కర్లేని అసలీ అది. మీ దాదా పేరు.

మొన్న ఆ ఇంజనీరు గారు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. అబ్బా లెడ్జరులో చివరి పేజీ. అబ్బా రాతలో ఆఖరి పద్దు రేడియేటర్ హోస్ గురించి ఉంది. దాని కింద వేరే రాతలో, నీలం సిరాతో, తేదీ వేసి: 'ముందు కుడి బ్రేకు సిలిండర్ మార్చాను. పాతది కాదు, కొత్తది.' ఫోటో చెల్లికి పంపాను. తమ్ముడికీ పంపాను. వాడు దాన్ని దుకాణంలో అందరికీ చూపిస్తున్నాడట.