ఆప్తత్వము – యంత్రము

కంప్యూటర్లు పరిసరాలలో లీనమై, కంటికి కనబడకుండా సేవచేసే కాలాన్ని మార్క్ వైజర్ 1991లోనే ఊహించాడు. నేడవి తలుపు తాళంలోను, చేతి గడియారంలోను ఉన్నాయి. వాటి మాటను నమ్మదగునా?

వస్తువును సాక్షాత్కరించుకొని, కన్నది కన్నట్లు తెలుపగోరి పలికేవాడే ఆప్తుడని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనట, ఎంతటి ఔదార్యం! కనుక యంత్రాన్ని కేవలం జడమని నిరాకరింపనక్కరలేదు. గడియారం నాడిని కొలుస్తుంది. అయితే తెలుపగోరే ఇచ్ఛ దాని నిర్మాతది. పరీక్షింపవలసినది ఆ నిర్మాత ప్రయోజనాన్నే.

యంత్రం కూడ మనిషిని సంశయిస్తుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం ముందు వృద్ధురాలైన వ్యవసాయకూలీ నిలబడుతుంది. మట్టిపనిలో అరిగిన రేఖలను యంత్రం గుర్తించదు. ఊరంతా ఎరిగిన ఆమె "నేనే" అంటుంది. ఆ శబ్దానికి అక్కడ ప్రామాణ్యం లేదు. దోషయుక్తమైన ఇంద్రియం భ్రమను పుట్టిస్తుందని నైయాయికులు ఏనాడో చెప్పారు. ఇక్కడ మాత్రం దోషం ఆమె వేలికే అంటగట్టబడుతుంది. బియ్యం సంచి త్రాసు మీదనే ఉంటుంది. డీలరు మరో వేలు పెట్టమంటాడు.