క్లౌడ్స్ హిల్ దారి

ఇంగ్లండు దేశానికి దక్షిణాన డోర్సెట్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ పొదలూ, చెట్లూ నిండిన బీళ్ల మధ్యగా పోయే రోడ్డు పక్కన క్లౌడ్స్ హిల్ అనే చిన్న తెల్లని ఇల్లు కనిపిస్తుంది. గుమ్మం పైన "చింత లేదు" అనే అర్థం వచ్చే గ్రీకు మాటలు చెక్కి ఉంటాయి.

వాటిని చెక్కినవాడు టి. ఇ. లారెన్స్. మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బులతో కలిసి తురుష్క సైన్యంతో పోరాడి, "అరేబియా లారెన్స్" అని పేరు పొందినవాడు ఇతడే. ఈ ఇంట్లో విద్యుద్దీపాలు లేవు, వంటగది అయినా లేదు. కాని లారెన్స్‌కు ఒక్క సరదా ఉండేది. అది బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు. ఒకదాని తరవాత ఒకటిగా అతను ఏడు బళ్లు కొన్నాడు!

ఈ బళ్లను నాటింగ్‌హామ్ నగరంలో జార్జి బ్రఫ్ అనే ఆయన 1919లో చేయడం మొదలుపెట్టాడు. ఎస్.ఎస్. 100 అనే రకం గంటకు నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పోతుందని హామీ ఇచ్చి మరీ అమ్మేవాడు. ఆ డబ్బుతో ఆ రోజుల్లో చిన్న కారు కొనవచ్చును. 1940లో తయారీ ఆగేనాటికి అన్ని రకాలూ కలిపి సుమారు మూడు వేల బళ్లే బయటికి వచ్చాయి. అందుకే అవి నేడు అంత ప్రియం. ఒక రకం పది బళ్లకు మించి చేయలేదు. దానికి కారు ఇంజనూ, వెనుక పక్కపక్కనే రెండు చక్రాలూ ఉంటాయి. కార్న్‌వాల్‌లో ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుని పడి ఉన్న అలాటి బండి ఒకటి 2016లో వేలానికి వస్తే, 3,31,900 పౌన్లు పలికింది!

1935 మే 13న లారెన్స్ తన బండి మీద సమీపంలోని బోవింగ్టన్ శిబిరానికి వెళ్లి, తంతి ఇచ్చి తిరిగి వస్తున్నాడు. రోడ్డు పల్లంలోకి దిగేచోట సైకిళ్ల మీద ఇద్దరు కుర్రవాళ్లు హఠాత్తుగా ఎదురుపడ్డారు. వాళ్లను తప్పించబోయి అతను ఎగిరి కిందపడ్డాడు. తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆరు రోజులకు ప్రాణం పోయింది.

చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. పందేలలో తలకు టోపీ పెట్టుకునే అలవాటు అప్పటికే ఉన్నా, మామూలు రోడ్ల మీద ఎవరూ పెట్టుకునేవారు కాదు. కెయిర్న్స్ ఇలాటి ప్రమాదాలెన్నో పరిశీలించి, గట్టి టోపీ దెబ్బను ఒకచోట పడనీయక చెదరగొడుతుందనీ, ప్రాణాలు కాపాడుతుందనీ 1941లో ప్రకటించాడు. ఆ ఏడే బ్రిటిష్ సైన్యం, బళ్లమీద వార్తలు మోసే తన సైనికులు దాన్ని పెట్టుకోవాలని నిర్ణయించింది. 1973లో బ్రిటనులో అది అందరికీ చట్టమైంది.

ఎంత ఖరీదైన బండి అయినా, నడిపేవాడి తలను కాపాడలేదు. ఆ పని చేసేది, మీ నాన్నగారు బండి తీసేటప్పుడు ఒక్కోసారి ఇంట్లో మరిచిపోయే హెల్మెటే. ఈసారి మరిచిపోతే, పరుగున వెళ్లి అందించండి!