వంటింటికి మేకప్పా, రీమేకా?

ఆ మధ్య హైదరాబాదులో ఒక షూటింగు చూడటానికి వెళ్ళాను. హీరోయిన్ గారి వంటింటి సెట్టు. ఎంత అందంగా ఉందనుకున్నారు! మీగడ రంగు అల్మారాలు, తళతళలాడే హ్యాండిళ్ళు... లంచ్ బ్రేకులో ఎవరూ చూడకుండా ఒక తలుపు లాగాను. రాలేదు. రెండోది లాగాను. అదీ రాలేదు. వెనక్కి వెళ్ళి చూద్దును కదా, అక్కడ అల్మారా లేదు, అరా లేదు! ఒక ప్లైవుడ్ షీటు, దాన్ని నిలబెట్టిన రెండు కర్రలు, నాలుగు మేకులు. అంతే!

మా ఊరు వజ్రపుకొత్తూరు వెళ్ళినప్పుడు ఈ వింత అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వలేదు. "మరి ఆ పిల్ల బియ్యం ఎక్కడ ఎట్టుకుంటాదిరా?" అంది.

అక్కడితో పోయేదే. కానీ ఈ వేసవిలో మా వంటిల్లే నాకు సమస్య అయి కూర్చుంది.

మా వంటింట్లో రెండు రకాల అల్మారాలు. గట్టు పైన గోడకి మూడు పనస చెక్కవి. నేను రెండో తరగతిలో ఉండగా మాకు స్లాబు ఇల్లు వేశారు. అప్పుడు నాన్న పెరట్లో పనసచెట్టు కొట్టించి చేయించారు. గట్టు కింద నాలుగు పెట్టెలు. అవి నేను కొన్నవి. 2019లో నా రాతలకి మొదటిసారి పెద్ద మొత్తం వస్తే, గొప్ప కోసం తెల్లగా మెరిసేవి రెడీమేడ్‌గా తెచ్చి బిగించాను. ఊళ్ళో చూసినవాళ్ళందరూ "అచ్చం సినిమాలో లాగుంది" అన్నారు. నేను పొంగిపోయాను.

ఇప్పుడు పొంగినవి ఆ పెట్టెలు! అడుగు చెక్కలు నీళ్ళు తాగి పూరీల్లా ఉబ్బాయి. ఒక తలుపు ఒంటి బందు మీద వేలాడుతోంది. పైన నాన్న చేయించినవేమో పొగకీ నూనెకీ నల్లబడిపోయాయి, బందులు తుప్పు పట్టాయి. మాది సముద్రపు గాలి. ఇనుము ఊరికే బతకదు.

అన్నీ పీకించి కొత్తవి పెట్టించాలని నా పట్టుదల. పలాస నుంచి వచ్చిన కుర్ర కాంట్రాక్టరు అదే అన్నాడు. చెప్పిన రేటు వింటే నా మూడు నెలల రాత డబ్బులు. మాలాంటివాళ్ళకి డబ్బు ఎప్పుడొస్తుందో పంపేవాళ్ళకే తెలియదు కదా! ఖర్చు తగ్గాలంటే పెట్టెలు ఉంచేసి, తలుపులు మార్చి, పైన సన్మైకా అంటించే పద్ధతి ఉందన్నాడు. పైముఖం కొత్తది, లోపలి ఒళ్ళు పాతదన్నమాట.

ఏదీ తేల్చుకోలేక, పైన అల్మారాలు చేసిన వడ్రంగి తాతనే పిలిచాను. టేపు కూడా తేలేదాయన. ఒక స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తెచ్చాడు. ముందు కింద సింకు దగ్గర అడుగు చెక్కలో స్క్రూడ్రైవరు గుచ్చాడు. ఉప్మాలో గరిటె దిగినట్టు దిగిపోయింది! పొట్టుని జిగురుతో అదిమి చేసిన చెక్క అది. ఒకసారి నీరు తాగితే మళ్ళీ మామూలు కాదు, మరలు పట్టి ఉంచలేదు. పై అల్మారాల్లో అదే స్క్రూడ్రైవరుతో పొడిచాడు, సుత్తితో తట్టాడు, అర పట్టుకుని బరువంతా వేసి వేలాడాడు. గట్టిగా ఖంగుమంది. చెదలు లేవు, డొల్ల లేదు.

"కింద దానికి సన్మైకా అంటిస్తే నాకు కూలొత్తాది. నీకు ఏడాది కూడా రాదు బాబూ. పైవి పీకితే పాపం తగుల్తాది" అన్నాడు.

పనస చెక్క సంగతి నాకు తెలియనిది కాదు. బొబ్బిలి వీణలు చెక్కేది ఆ చెక్కతోనే.

తాత మాట వింటుంటే నాకు సినిమాలు గుర్తొచ్చాయి. 1957లో కె.వి.రెడ్డి గారు తీసిన 'మాయాబజార్'కి 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. నలుపు తెలుపులోనే బాగుందనేవాళ్ళు ఉన్నారనుకోండి. అయితే పెళ్ళివారి వంటలన్నీ రంగారావు గారు ఆరగించే ఆ దృశ్యం, మార్కస్ బార్ట్లే గారి కెమెరా రంగు లేనప్పుడే భేషుగ్గా నిలబడ్డాయి. అందుకే దానికి రంగు వేసే సాహసం చేశారు. ఇక 1953లో అక్కినేని గారి 'దేవదాసు' ఉండగా, 1974లో విజయనిర్మల గారు కృష్ణ గారితో మళ్ళీ తీశారు. అది పెట్టెలతో సహా మార్చడం! ఏది గొప్పదని కొట్టుకోవడం తర్వాత సంగతి. ముందు స్క్రూడ్రైవరు గుచ్చి చూడాలి. కథ పుచ్చిపోయాక ఫారిన్‌లో పాటలు తీస్తే ఏం లాభం?

అల్మారాలు ఖాళీ చేసే పని నా మీద పడింది. అరల్లో అమ్మ పరిచినవి పాత సినిమా పత్రికల కాగితాలే! పసుపు మరకల మధ్య హీరోలు, నూనె జిడ్డులో హీరోయిన్లు. నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ అరల దగ్గరే. ఈ వృత్తిలోకి ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే ఏవేవో చెబుతుంటాను గాని, అసలు జవాబు కందిపప్పు డబ్బా కింద ఉంది.

మధ్య అల్మారా తలుపు లోపలివైపు పెన్సిలుతో గ్యాసు బండ మార్చిన తేదీలు వరసగా ఉన్నాయి. నాన్న చేతిరాత. 2018 అక్టోబరు 11 దగ్గర మాత్రం బండ లెక్క లేదు. "తుపాను. చెట్లు పోయాయి" అని ఉంది. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజు అది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస నేలకూలాయి. ఆ కింద మరో మూడు తేదీలు. ఆ తర్వాత రాత మారింది. అవి అమ్మవి, వంకరటింకరగా.

అక్కడే కాసేపు కూర్చుండిపోయాను. లేచి తాతతో, "పైవి ముట్టుకోవద్దు తాతా. పాలిష్ పెట్టి పనస చెక్క కనబడేలా ఉంచు" అన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు!

"నల్లగా ఉంటే బొద్దింక కనబడదురా. లేత పసుపు రంగు ఎయ్యమను. సినిమాల్లో అలాగే కదా ఉంటాయి. కింద నాకు సొరుగులు కావాలి. వంగలేకపోతన్నాను" అంది.

మోకాళ్ళ నొప్పుల సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

సన్మైకా అంటిద్దామా అంటే తాత తల అడ్డంగా ఊపాడు. అసలు చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, సన్మైకా దానితో పాటు కదల్లేక లేచిపోతుందట. జిడ్డంతా కడిగి, గరుకు కాగితంతో చెక్క తేలేదాకా రుద్ది, ప్రైమరు, ఆపైన ఎనామిలు. బందులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. లోపలివైపు బ్రష్షు పెట్టొద్దని అమ్మే చెప్పింది.

కింది పెట్టెలు మాత్రం పూర్తిగా మార్చాం. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. ప్లై కదలదు కాబట్టి దానికి సన్మైకా. కోసిన అంచులన్నీ మూసి, నేలకి నాలుగంగుళాల ఎత్తులో నిలబెట్టాడు, ఇల్లు కడిగిన నీళ్ళు తగలకుండా. మొత్తం కలిపి కాంట్రాక్టరు చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు.

నేను కొన్న తెల్ల పెట్టెలు పెరట్లో పడేస్తుంటే మనసు చివుక్కుమంది సుమండీ! అమ్మ కనిపెట్టినట్టుంది. "అయిదారేళ్ళు మోశాయి కదరా" అంది.

పోయిన వారం ఫోను చేశాను. బండ మార్చిందట, తేదీ రాసుకుందట. ఎక్కడ రాశావని నేను అడగలేదు. బియ్యం ఎక్కడ పెట్టావని అడిగాను.

"కింద, ఎడమచేతి వైపు రెండో సొరుగులో. వంగక్కర్లేదు" అంది అమ్మ.